గుమ్మఘట్ట సీమలో రాత్రిబడి

వేదవతీ పరీవాహమున, కర్ణాటకపు సరిహద్దు నానుకొనియున్న గుమ్మఘట్ట ప్రాంతమున వయోజన విద్య నడచిన తెరువును చెప్పబూనువాడు వానను, వలసను విడిచి చెప్పజాలడు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియు ఈ అనంతపురము జిల్లాలో వేరుశనగ విత్తునాడు పగలెల్ల చేనిలో వంగిన రైతు రాత్రి పలక పట్టలేడు. పంట ఎండిననాడు బెంగుళూరి దారి పట్టక తీరదు.

కర్నూలున జన్మించి, గ్రంథాలయోద్యమమును వయోజన విద్యను జంటగా నడపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ఇచ్చట స్మరింపకుండుట ధర్మము గాదు. అక్షరాభ్యాసము ముగిసిన వయోజనునికి చదువుకొన పుస్తకము దొరకవలెనన్న ఆ దృష్టి తరువాతి పథకములలో సన్నగిల్లినది.

1978 అక్టోబరు 2న ఆరంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము, పదునైదు మొదలు ముప్పదియైదేండ్ల వయస్సుగల పదికోట్లమందిని అయిదేండ్లలో అక్షరాస్యులను గావింప సంకల్పించి, ముప్పదిమందికొక కేంద్రమును, పదినెలల పాఠమును, బోధకునికి నెలకు 50 రూపాయల పారితోషికమును ఏర్పరచెను. సంకల్పము మహత్తరమే, కాని ఆ పదినెలల లెక్క మన సీమ వ్యవసాయపు లెక్కతో పొసగలేదని నా నిశ్చితాభిప్రాయము. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చెను. స్త్రీల అక్షరాస్యత మిక్కిలి తక్కువగానున్న జిల్లాలకై 2009 సెప్టెంబరు 8న వచ్చిన సాక్షర భారత్ 2018 మార్చితో ముగిసెను.

చదువు వయోజనుల నెంతటివారిని చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా వ్యతిరేకోద్యమమున చూపిరి. ఇక మన జిల్లాలో నార్పల మండలము బండ్లపల్లియందే 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకము మొదలైనది. నాటినుండి చదువుకు కూలికి సంబంధము ఊరివారి కన్నులకే కానవచ్చుచున్నది. అంకెలు నేర్చిన స్త్రీ తన జాబ్ కార్డునందలి పనిదినములను తాను గోడపై గీచుకొన్న గీతలతో సరిచూచి, ఒకదినము తగ్గినచో మస్టరు, అనగా హాజరుపట్టీ, చూపుమని కూలిజట్టు పెద్దయగు మేటీని నిలదీయును. వేలిముద్ర వేయునామె ఇతరులు చెప్పిన సంఖ్యతోనే తృప్తిపడి ఇంటికి మరలును. నాకు ఈ పథకములన్నింటికంటె ఆ కార్డు చదువగలుగుటయే ముఖ్యము.

కనుక వేరుశనగ నూర్పిళ్లు ముగిసి, ఉపాధి పనులు ఊరి పొలిమేరలోనే సాగు మాఘ వైశాఖముల నడుమ బడిని నడపి, మొదటి వాచకము పూర్తియగుటకు మునుపే రెండవ పుస్తకములను, తెలుగుతోపాటు ఇండ్లలో కన్నడము పలుకువారికి ఆ భాషా పుస్తకములను తెప్పించి యుంచవలెనని రాత్రిబడి కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.