కంపెనీ ఎవల దగ్గర కొంటున్నదో రిపోర్టుల ఎట్ల చూడాలె?

బీఆర్ఎస్ఆర్ అంటే పార్టీ కాదు తమ్మీ. వ్యాపార బాధ్యత, సుస్థిరత రిపోర్టు. పర్యావరణం, కూలీలు, సప్లయర్ల సంగతి ఏటేటా చెప్పాలని సెబీ పెట్టిన ఫారం. స్టాక్ మార్కెట్ల లిస్టయిన మొదటి 1000 కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లల్ల ఫ్రీగ దొరుకుతది.

ఇండ్ల తొమ్మిది సూత్రాలుంటయి. నేనైతే సీదా రెండోదానికి పోత. ప్రకృతికి నష్టం కాకుంట సరుకు కొనే పద్ధతి మీకున్నదా, ఉంటే కొన్నదాంట్ల ఎంత శాతం అట్ల కొన్నరు అని అడుగుతది. జవాబు కంపెనీయే రాసుకుంటది. కొలత గూడ దాదాపు దానిదే. సప్లయర్ ఒక నియమావళి మీద సంతకం పెడితే చాలు, ఆ సరుకంత మంచి లెక్కల కలుపుకునే కంపెనీలున్నయి. సంతకం పెట్టినోని పైపు ఏ వాగుల కలుస్తున్నదో ఎవలన్న పోయి చూసిన్రా? ఆ ప్రశ్న ఆరో సూత్రంల ఉన్నది: ఎంత శాతం సప్లయర్లను పర్యావరణం విషయంల పరీక్షించిన్రు అని. కాకపోతే అది ఇష్టముంటేనే నింపే ఖానా. మస్తు మంది ఖాళీ ఇడుస్తరు.

అసలు మెలిక ఇంకోటున్నది. మొదటి 250 కంపెనీలు సప్లయర్ల లెక్క గూడ ఇయ్యాలని 2023ల సెబీ అన్నది. 2025 మార్చిల దాన్ని ఐచ్ఛికం చేసింది. అదీ మొత్తం కొనుగోళ్లల్ల 2 శాతం, ఆపైన అమ్మెటోళ్ల వరకే. ఏడాదికి 5000 కోట్ల సరుకు కొనే కంపెనీ అనుకో, 100 కోట్ల కన్న తక్కువ అమ్మే యూనిట్ ఆ లెక్కలకే రాదు.

పటాన్‌చెరు, బొల్లారం దిక్కు మందుల కంపెనీలకు రసాయనాలు చేసిచ్చే చిన్న యూనిట్లు ఎన్నో ఉన్నయి. నక్కవాగు ఖరాబైన కేసు 1990లనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. వాగును ముంచేటందుకు 100 కోట్ల యాపారం అక్కర్లేదు గదా.

సప్లయర్ల పేర్లు చెప్పుమని ఈ ఫారం అడగదు. గందుకే మీ ఊరి పక్క యూనిట్‌కు ఏం అనుమతులున్నయో కాలుష్య నియంత్రణ మండలిని ఆర్టీఐ కింద అడుగుండ్రి. దాని సరుకు ఏ కంపెనీకి పోతున్నదో ఆడ పని చేసెటోళ్లకు, లారీ డ్రైవర్లకు ఎర్క ఉంటది. ఆ కంపెనీ షేరు ఒక్కటి మీ పేరు మీద ఉన్నా, సాలుకొక్కసారి జరిగే వాటాదారుల మీటింగుల లేచి, ఆ యూనిట్ పేరు జెప్పి అడగొచ్చు.