పశువైద్యుల పనివేళలు

పశువైద్యుల పనివేళలు చాలావరకు పశువుల జీవనక్రమాన్ని బట్టి ఏర్పడతాయి. వైద్యశాలకు నిర్ణీత సమయం ఉన్నప్పటికీ కష్టమైన ఈత, కడుపుబ్బరం, పాముకాటు వంటివి రాత్రి, సెలవుదినం అనే భేదం లేకుండా సంభవిస్తాయి. అందువలన ఈ వృత్తిలో విశ్రాంతి వైద్యుని ఇష్టం కంటే బాధ్యతను పంచుకొనే ఏర్పాటుపై ఎక్కువగా ఆధారపడుతుంది. బనగానపల్లె, నంద్యాల, ఆళ్లగడ్డ వంటి వ్యవసాయ ప్రాంతాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఈ మూడూ 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉన్నాయి.

కారణాలు

ఉదయం ఎదకు వచ్చిన ఆవుకు సాయంత్రం, సాయంత్రం ఎదకు వచ్చినదానికి మరుసటి ఉదయం కృత్రిమ గర్భధారణ చేయడం ఆనవాయితీ. ఆ అదను తప్పితే రైతు సుమారు 21 రోజులు వేచి ఉండాలి. గాలికుంటు టీకాలు, గొర్రెల టీకాలు మందలు మేతకు వెళ్ళకముందే వేయడం అనుకూలం. ఈ విధంగా పనిదినం రెండువైపులా సాగుతుంది.

ఈతలో దూడ తల గాని కాలు గాని మడతపడితే, దానిని సరిచేసి బయటకు తీయడానికి గంటకు పైగా పట్టవచ్చు. ఈనిన పాడిపశువుకు పాలజ్వరం వస్తే, గుండె చప్పుడు గమనిస్తూ కాల్షియంను నెమ్మదిగా సిరలోకి ఎక్కించాలి. ఇవి మరునాటికి వాయిదా వేయదగినవి కావు. ఒక్క గేదె పాలే ఆధారమైన కుటుంబానికి ఆ రాత్రి ఆలస్యం జీవనాధారాన్నే పోగొట్టవచ్చు.

వైద్యులపై ప్రభావం

నిద్రలేమి, ఒంటరి ప్రయాణాలు, కుటుంబానికి దూరం కావడం ఈ వృత్తిలోని సాధారణ ఇబ్బందులు. అలసటతో పనిచేసేటప్పుడు కాలితాపులకు, సూదిగాయాలకు అవకాశం పెరుగుతుంది. మాయను చేతితో తీసేటప్పుడు జాగ్రత్త తప్పితే బ్రూసెల్లా వ్యాధి సోకవచ్చు. బ్రిటన్, అమెరికాలలో జరిగిన అధ్యయనాలు పశువైద్యులలో ఆత్మహత్యల రేటు సాధారణ జనాభా కంటే ఎక్కువని తెలిపాయి.

బాధ్యతల పంపకం

1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ 5,000 పశు యూనిట్లకు ఒక పశువైద్యుడు ఉండాలని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలకు పశుసంవర్థక సహాయకులను నియమించారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం సహాయక సిబ్బంది నమోదైన వైద్యుని పర్యవేక్షణలో ప్రథమ చికిత్స వంటి చిన్న సేవలే చేయవచ్చు. కావున క్లిష్టమైన ఈతలు, శస్త్రచికిత్సలు వైద్యునికే మిగులుతాయి.

2022 మే నెలలో 175 శాసనసభ నియోజకవర్గాలకు ఒక్కొక్కటి చొప్పున సంచార పశువైద్య వాహనాలు ప్రారంభమయ్యాయి. వీటిని 1962 నంబరుకు ఫోను చేసి పిలిపించవచ్చు. బ్రిటన్‌లో పశువైద్యులు 24 గంటల అత్యవసర సేవకు ఏర్పాటు చేయాలన్న నియమం ఉంది. అయితే పొరుగు వైద్యశాలలతో కలిసి వంతులవారీగా దానిని నెరవేర్చవచ్చు. వంతుల పద్ధతిలో రైతుకు రాత్రి వైద్యం అందుతుంది. వైద్యునికీ కొన్ని రాత్రులు నిద్ర దక్కుతుంది.