వేరు దీపాలు, ఒక్క పెట్టె

వంశధార ఎడమ గట్టున, జలుమూరు మండలంలో ఉన్న శ్రీముఖలింగమే ఒకప్పటి తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని వాదించి నిలబెట్టినవాడు ఆ దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి. అక్కడి మధుకేశ్వరాలయంలో కనిపించే శాసనాల్లో దీపాల లెక్కలు చాలా ఉన్నాయి. ఒక దాత ఇన్ని మాడలు ఇచ్చి ఒక అఖండదీపం పెట్టించాడు, ఇంకో దాత ఇంకొకటి. అందరి మాడలూ ఒకచోట పోసి గుడంతటికీ ఒక్క పెద్ద వెలుగు ఏర్పాటు చేస్తే ఖర్చు కలిసొచ్చేదేమో గానీ, వాళ్లు ఆ పని చేయలేదు. ఎవరి పుణ్యం వాళ్లకే దక్కాలన్న ఆశ కూడా అందులో లేకపోలేదు. అయితే ఆ ఆశ వల్ల ఒక మంచి కట్టడి ఏర్పడింది. దీపం వేరు, దాని పోషణకు పెట్టిన సొమ్మూ వేరు. ఒక దీపం కొండెక్కినా పక్కది వెలుగుతూనే ఉంటుంది.

గిటారు వాయించేవాళ్లు నాలుగు దశాబ్దాలుగా తెంచుకోలేని తగవుకు ఈ దీపాల లెక్క పనికొస్తుందని నా నమ్మకం. ఎలక్ట్రిక్ గిటారు నాదాన్ని మార్చడానికి కాలితో నొక్కే చిన్న డబ్బాలుంటాయి. వాటిని పెడల్స్ అంటారు. నాదాన్ని గరగరలాడించే ఫజ్‌కు ఒకటి, ప్రతిధ్వనికి ఒకటి, అలలు తేలినట్టుండే కోరస్‌కు ఒకటి. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అనే ఫజ్ పెడల్ అమ్మకానికి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ పాట ఒకటి దాన్ని ప్రపంచమంతా వినిపించింది. 1977లో జపాన్ కంపెనీ బాస్ అరచేతిలో ఇమిడే పెడల్స్ వరస మొదలుపెట్టింది. అదే కంపెనీ 1988లో ఎంఈ-5 పేరుతో ఆ పనులన్నీ ఒక్క పెట్టెలో అమర్చి అమ్మింది. విడివిడిగా కొనాలా, అన్నీ ఉన్న పెట్టె కొనాలా అని అడిగితే ఎక్కువమంది నాద నాణ్యత దగ్గర మొదలుపెడతారు. ఉత్తరాంధ్ర వాద్యాల చరిత్ర చూస్తే ఆ తీర్పు చెవి చెప్పినట్టు కనిపించదు. రోజువారీ పోషణ ఎవరు చూస్తారన్నదే చాలా చోట్ల గెలుపోటములు తేల్చింది.

హార్మోనియం సంగతే తీసుకుందాం. 1842లో పారిస్‌లో దెబాన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండో చేత్తో వాయించే రూపాన్ని 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తెచ్చాడంటారు. పద్యనాటకం దాన్ని రెండు చేతులా అందుకుంది. మైకు లేని రోజుల్లో ఎత్తు గొంతున పద్యం లాగే నటుడికి శ్రుతి కావాలి, రాగం అందించాలి, వెనక వరస దాకా వినపడాలి. తంబుర, ఫిడేలు కలిపి చేసే పనిని ఒక్క మనిషి ఒక్క పెట్టెతో చేశాడు. వానకూ ఎండకూ తీగెలు సడలడం లాంటి బెడద దీనికి లేదు. బండెక్కి ఊరూరూ తిరిగే సమాజానికి ఇంతకన్నా ఏం కావాలి?

నాణ్యత మాటేమిటని అడగొచ్చు. అడిగినవాళ్లు చిన్నవాళ్లు కారు. హార్మోనియం స్వరాలు మెట్ల మీద మెట్లుగా నిలిచిపోతాయి, వాటి నడుమ జారే గమకం దానికి పట్టుబడదు. ఆ కారణం చెప్పే 1940లో ఆలిండియా రేడియో దాన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ పట్టు సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. రేడియో స్టేషన్‌లో సారంగి వాయించేవాడికీ తంబుర మీటేవాడికీ జీతముండేది. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలలోనూ అంతే: ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడు, ఫిడేలుకు ద్వారం వెంకటస్వామినాయుడు. సంస్థానం పోషణ ఉన్నచోట ఏ వాద్యానికి ఆ గురువును పెట్టుకోవచ్చు. ఆ పోషణ లేని నాటకాల పందిట్లో మాత్రం రేడియో నిషేధాన్ని ఎవరూ లెక్కచేయలేదు. చెవులు రెండుచోట్లా తెలుగువాళ్లవే, ఖర్చు భరించే చేతులు వేరు.

అయితే ఇది డబ్బున్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా అనుకుంటే తప్పులో కాలేసినట్టే. తప్పెటగుళ్ల బృందాన్ని చూడండి. ప్రతివాడి గుండెమీదా వాడి తప్పెట, ప్రతివాడి కాళ్లకూ వాడి గజ్జెలు. పాటా ఆటా వాద్యమూ కలిసి సాగుతున్నా పరికరం మాత్రం ఎవరిది వారిదే. వాళ్లు శ్రీమంతులు కారు, పశువులు కాచుకునేవాళ్లు. ఐనా విడివిడి వాద్యాలు వాళ్లకు బరువు కాలేదు. సొట్ట పడిన రేకును సరిచేసుకోవడం వాడినవాడికే తెలుసు. జముకులకథ చెప్పేవాళ్ల జముకూ అంతే. తోలు, తీగ, దాన్ని బిగించి పట్టుకునే కర్రముక్క ఉంటే చాలు. తీగ లాగినకొద్దీ, వదిలినకొద్దీ నాదం వంపులు తిరుగుతుంది. పెడల్ చేసే పనిని ఆ చేతి బిగువు ఎన్నడో చేసింది. పేదవాడి దగ్గర కూడా విడి వాద్యం బతికింది, బాగుచేసే చెయ్యి ఇంట్లోనే ఉంది కనుక.

బొబ్బిలి వీణ ఈ వాదానికి అడ్డు తగిలేట్టు కనిపిస్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసమాను తొలిచి కుండ, దండి అంతా ఒకే కాండంలో తీస్తారు, అందుకే ఏకాండి వీణ అన్నారు. (శ్రీముఖలింగంలో శివుడు ఇప్పమాను మొదట్లో ముఖం చూపాడని కథ, ఈ సీమకు ఒంటిమాను మీద మమకారం ఎక్కువలా ఉంది.) అతుకుల వీణకైతే చెడిన భాగం మార్చవచ్చు, ఏకాండికి ఆ వెసులుబాటు తక్కువ. మరి అతుకులు లేని వస్తువును పోషణ తెలిసినవాళ్లే ఎందుకు కోరుకున్నారు? రెండు సంగతులు కలిపేస్తే చిక్కు వస్తుంది. ఏకాండికి ఒళ్లు ఒకటి, పని కూడా ఒకటే. గిటారు వాళ్ల అన్నీ ఉన్న పెట్టె, అంటే మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్, అలా కాదు, ఒక్క ఒంట్లో పాతిక పనులు. పైగా ఏకాండిని చెక్కినవాడు పక్క ఊళ్లోనే ఉన్నాడు. మైనం మీద మెట్లు మళ్లీ నిలబెట్టాలన్నా, బిరడా బిగించాలన్నా అతని దగ్గరికే వెళ్లొచ్చు.

ఇక పెడల్స్ దగ్గరికి వద్దాం. పాతరకం ఫజ్ లోపల ఉండేవి కొన్ని ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు. టంకం పెట్టడం వచ్చిన రేడియో మెకానిక్ దాన్ని విప్పి చూడగలడు. కానీ ఆరు పెడల్స్ కలపాలంటే ఎన్నో తీగలు, ప్రతి తీగా ఒక అనుమానమే, ఒక్కటి వదులైతే మొత్తం మూగబోతుంది. ఈ అభ్యంతరం బలమైనదే. జాతర నుంచి జాతరకు రాత్రికి రాత్రి వ్యానులో పోయే ఆర్కెస్ట్రాకు పెట్టే నయం, నాటకం వాళ్లకు హార్మోనియం నయమైనట్టే. పెట్టెకు పోషణ అక్కర్లేదు, చెడేదాకా. చెడితే తెర, మీటలు, లోపలి చిప్పు అన్నీ ఒకే పలక మీద ఉంటాయి. ఒక్క జబ్బుకు పాతిక నాదాలూ పోతాయి.

పెట్టె చేసే ఇంకో పని గురించి ఎవరూ మాట్లాడరు. లేని చెయ్యి చోటు నింపడానికి వచ్చి, ఉన్న చేతులను కూడా అది పంపించేస్తుంది. ఇప్పుడు చాలా గుళ్లలో హారతి వేళ మీట నొక్కితే నగారా, గంట, తాళం కలిసి మోగే యంత్రం ఉంది. డోలు, సన్నాయి వాళ్లు దొరకడం లేదని తెచ్చారు. యంత్రం వచ్చాక వాళ్ల పిల్లలు ఆ పని నేర్చుకోవాల్సిన అవసరమూ పోయింది. మోటారు కాలిన రోజున హారతికి దరువు వేసేవాడు ఊళ్లో ఉండడు.

కాబట్టి కొనబోయేవాళ్లు దుకాణంలో నాదం వినే ముందు ఒక్క సంగతి విచారించుకోండి: మీ ఊరికి దగ్గర్లో టంకం కడ్డీ పట్టినవాడు ఎవడైనా ఉన్నాడా? ఉంటే విడివిడిగా కొనండి, ఆయనకూ పని దొరుకుతుంది. లేకపోతే పెట్టె కొనండి, తప్పేమీ లేదు. కానీ సంచిలో ఫజ్ లాంటి ఒక్క ఓవర్‌డ్రైవ్ పెడల్, ఒక 9 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంచుకోండి.