కేస్ షీట్ నుంచి ఆభా నంబరు దాకా

"డాక్టరు కానివాళ్లకు ఆస్పత్రిలో ఏం పని?" మన ఆస్పత్రి నిర్వహణ శాఖ మొదటి బ్యాచిని ఇంటర్న్‌షిప్‌కు పంపినప్పుడు హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరుగారు నన్నడిగిన మాట ఇది. నేటి రజతోత్సవ వేళ మొదట గుర్తొచ్చింది అదే.

అప్పటి సిలబస్‌లో స్టోర్స్, లాండ్రీ, వంటగది, డ్యూటీ చార్టులు ఉండేవి. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, వివాదం వస్తే ఆధారమయ్యే కేస్ షీట్ ఎలా రాయించాలో పట్టుదలగా చెప్పేవాళ్లం.

మమ్మల్ని నిజంగా కుదిపింది పేదల వైద్య పథకం ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతవరకు మేం నేర్పింది, అయిన ఖర్చంతా కూడితే బిల్లు అని. ఆరోగ్యశ్రీ ఆ లెక్కను తిరగేసింది. రేటు ముందే ఖరారు. ఆపరేషన్, మందులు, భోజనం, ఇంటికి వెళ్లే దారి ఖర్చు అన్నీ ఆ ప్యాకేజీలోనే సర్దాలి. మరి ఒక ఆపరేషన్‌కు ఆస్పత్రికి నిజంగా ఎంతవుతుంది? మా విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినచోట ఎవరూ చెప్పలేకపోయారు. థియేటర్‌లో గంటకు కరెంటెంత, ఆక్సిజనెంత, కుట్ల దారమెంత అని నోటుబుక్కులు పట్టుకుని వాళ్లే లెక్క కట్టారు. మన కాస్టింగ్ పేపరు అలా పుట్టింది. ఈ శాఖ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వకారణం అదే.

తర్వాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 2021లో దేశమంతటా డిజిటల్ హెల్త్ మిషన్, పద్నాలుగు అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య, అంటే ఆభా నంబరు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఇవి సిలబస్‌లో చేరాయి. కానీ రోగి సమాచారం ఎవరి చేతిలో ఎంతవరకు ఉండాలన్నది ఇంకా ఒక్క యూనిట్‌గానే చెబుతున్నాం. అది చాలదు.

ఇంకో లోటు కూడా ఉంది. పొద్దున పదింటికి ఇంటికెళ్లొచ్చని డాక్టరు చెప్పినా డిశ్చార్జ్ సమ్మరీ, ఫార్మసీ క్లియరెన్స్, ఇన్సూరెన్స్ అప్రూవల్ దాటేసరికి సాయంత్రమవుతుంది. అంతసేపూ బెంచీ మీద ఎదురుచూస్తూ కూర్చునే తల్లి గురించి మన పుస్తకాల్లో ఒక్క పేజీ లేదు.

పూర్వ విద్యార్థులారా, మీ ఆస్పత్రిలో ఈ ఏడాది మిమ్మల్ని నిద్రపోనివ్వని సమస్య ఒక్కటి, రోగి పేరు తీసేసి, రాసి పంపండి. సిలబస్ కమిటీ కూర్చునే రోజున ఆ ఉత్తరాలన్నీ బల్లమీద పెడతాం.