ఉదయగిరి కొయ్య చెంచాతో నూడుల్సు

ఉదయగిరిలో పుట్టి ఆత్మకూరులో స్థిరపడిన నాకు ఉద్యోగ విరమణానంతరం వంటయింటితో పరిచయం కలిగింది. మొన్న మ్యాగీ, టాప్ రామెన్, వాయ్ వాయ్ తెచ్చి మూడు పూటలు పరీక్షించాను. వాయ్ వాయ్‌కి ముందే రుచి పట్టించి ఉంటారు, వండకుండానే నమలవచ్చు. తక్కిన రెంటికీ మరుగునీరు కావాలి.

ఈ తీగల చరిత్రకు మూలం ఆకలి. యుద్ధానంతరం జపానులో వేడి నూడుల్సుకై బారులు తీరిన జనాన్ని చూసిన మొమొఫుకు ఆందో, 1958లో ఇంటి వెనుక పాకలో ఉపాయం కనుగొన్నాడు. ఆవిరిపై ఉడికిన తీగలను నూనెలో వేయిస్తే లోని నీరు పోయి సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి. మరుగునీరు వాటిలోకి చేరగానే తీగలు మెత్తబడతాయి. మన దేశానికి మ్యాగీ 1983లో, టాప్ రామెన్ 1991లో వచ్చాయి.

మా అమ్మ వేసవిలో సేమియా చేసి, మంచంపై గుడ్డ పరచి ఆరబెట్టి, డబ్బాలో దాచేది. వానపూట చుట్టం వస్తే క్షణాల్లో పాయసం సిద్ధం. ఏ తొందర వంటకైనా వెనుక ఎవరిదో ముందస్తు శ్రమ ఉంటుంది. నాడు అమ్మది, నేడు కర్మాగారంలోని కార్మికులది.

ఒకప్పుడు బడికి ఇవి తెచ్చిన పిల్లలను సోమరి తిండి అని మందలించాను. ఇప్పుడు ఒంటరి పూటల్లో నన్ను ఆదుకుంటున్నవి ఇవే. మా ఊరి కొయ్య చెంచాతో తింటూ ఆ పిల్లలకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.