గంజాం సరిహద్దు, బరంపురం వీధి: సామాన్యుల ప్రజాజీవితంపై కొన్ని గమనికలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లా ఆ రోజున రెండుగా చీలింది. బరంపురం, ఛత్రపురం, ఆస్కా, గుంసూరు ప్రాంతాలు ఒరిస్సాకు వెళ్ళాయి. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. జిల్లా పేరు ఒరిస్సా వైపే ఉండిపోయింది.

ఈ విభజన చరిత్రను వ్రాసినవారు జమీందార్లను, వకీళ్ళను, సంఘాల అధ్యక్షులను, విచారణ కమిటీలను గురించి విస్తారంగా వ్రాశారు. అది అవసరమే. అయితే బరంపురంలో మగ్గం మీద కూర్చున్నవాడు, రైలు పట్టాల మీద పనిచేసినవాడు, బజారులో దుకాణం పెట్టుకున్నవాడు ఈ కథలో ఎక్కడ ఉన్నాడన్న ప్రశ్నకు ఆ రచనలలో జవాబు సులభంగా దొరకదు. 1919 చట్టం క్రింద ఓటు ఆస్తీ పన్నూ ఉన్న కొద్దిమందికే దక్కింది. ఓటు లేనివారు ప్రజాజీవితంలో పాల్గొనలేదా? పాల్గొన్నారనీ, ఏ మార్గాల ద్వారా పాల్గొన్నారో గుర్తిస్తే గంజాం తెలుగువారి చరిత్ర మరొక విధంగా కనిపిస్తుందనీ మా అభిప్రాయం.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఒరియా ప్రజల కోరిక నిరాధారమైనది కాదు. మద్రాసు పాలనలో గంజాం కచేరీలలోనూ పాఠశాలలలోనూ తెలుగుకు ఉన్న పలుకుబడి తమ పిల్లల చదువుకూ ఉద్యోగాలకూ అడ్డు వస్తున్నదని వారు ఎంతో కాలం మొరపెట్టుకున్నారు. ఆ ఆవేదన నుంచే గంజాం జాతీయ సమితి పుట్టింది. 1903 డిసెంబరులో కటకంలో జరిగిన ఉత్కళ సమ్మేళనానికి గంజాం ప్రజల ఉత్సాహం ఒక ముఖ్య కారణం. 1913లో శశిభూషణ రథ్ బరంపురంలో స్థాపించిన ‘ఆశా’ పత్రిక ఆ కోరికను ఊరూరా వినిపించింది. 1936 తరువాత అదే మొర, దాదాపు అవే మాటలలో, తెలుగువారి నోట వినిపించింది. కచేరీ భాష మారినప్పుడు మొరపెట్టుకునేవారు మారారు, మొర మారలేదు.

సరిహద్దు నిర్ణయానికి ప్రభుత్వం రెండు ముఖ్యమైన విచారణలు జరిపించింది. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు గంజాం ఒరియా ప్రాంతాలలో తిరిగి ప్రజల అభిప్రాయం సేకరించారు. 1931లో ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దుల కమిటీ ఏర్పడింది. దానికి సహాయ సభ్యులుగా పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి, సి.వి.ఎస్. నరసింహరాజు, సచ్చిదానంద సిన్హా ఉన్నారు. భాష, జాతి, ప్రజల అభిమతం, భౌగోళిక స్థితి, ఆర్థిక ప్రయోజనాలు, పాలనా సౌకర్యం అనే అంశాలను ఆ కమిటీ పరిశీలించవలసి ఉంది. రెండు పక్షాలవారూ సభలు పెట్టారు, మహజర్లు పంపారు, సాక్ష్యాలు చెప్పారు.

ఈ దశలో సామాన్యుని చేతికి వచ్చిన ఒకే ఒక సాధనం జనాభా లెక్కల పట్టిక. 1931 లెక్కలలో మాతృభాష గడి గంజాంలో ఎన్నడూ లేనంత రాజకీయ ప్రాముఖ్యం సంపాదించుకుంది. లెక్కలు తారుమారు చేశారని తెలుగువారు ఒరియావారినీ, ఒరియావారు తెలుగువారినీ నిందించారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒరియా, కచేరీలో ఆ రెండూ మాట్లాడే మనిషి బరంపురంలో అరుదు కాదు. గుమాస్తా వచ్చి ‘మీ భాష ఏది?’ అని అడిగితే అతడు ఒక్క మాటే చెప్పాలి. ఆ ఒక్క మాట మీద తన ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలన్నది ఆధారపడవచ్చు. రెండు భాషల జీవితానికి ఆ గడిలో చోటు లేదు. భాషతో పాటు జాతినీ లెక్కలోకి తీసుకోవచ్చునన్న నిబంధన చిక్కును మరింత పెంచింది. ఒరియా కులంలో పుట్టి తెలుగు మాట్లాడేవారిని ఎవరి పక్షాన లెక్కించాలన్న వాదం ఆ నిబంధన వల్లనే సాధ్యమయింది.

పర్లాకిమిడి విషయం ఇంకా కష్టమైనది. 1933 శ్వేతపత్రం పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చలేదు. 1934లో సంయుక్త పార్లమెంటరీ కమిటీ ఆ జమీందారీలో కొంత భాగాన్ని, పట్టణంతో సహా, ఒరిస్సాకు ఇవ్వాలని సిఫారసు చేసింది. అదే అమలు జరిగింది. ఏళ్ళ తరబడి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి ఆ నిర్ణయాన్ని అంగీకరించలేక 1936లో ఊరు విడిచి రాజమండ్రి చేరారు. ఈ సంగతి మన పాఠకులకు తెలిసినదే. కాని గిడుగువారి జీవితంలోనే ఈ చర్చకు సంబంధించిన మరొక పాఠం ఉంది. ఆయన కొండలలోని సవరల భాష నేర్చుకుని, వారికి వాచకాలు వ్రాసి, వారికోసం బడులు పెట్టించారు. సవర భాష తెలుగూ కాదు, ఒరియా కూడా కాదు. కొండలు ఏ రాష్ట్రానికి చెందాలని రెండు పక్షాలూ వాదించుకున్నాయి కాని, ఆ వాదం సవర భాషలో జరగలేదు.

ఇక పట్టికల నుంచి వీధిలోకి వద్దాం. అక్కడ మనకు కనిపించే ప్రజాజీవితం భాషల వారీగా విడిపోయినది కాదు. బరంపురం వకీలు వరాహగిరి వెంకట జోగయ్య పంతులు కాంగ్రెసు కార్యకర్త. ఆయన భార్య సుభద్రమ్మ శాసనోల్లంఘన కాలంలో మద్యపాన నిషేధంకోసం జరిగిన ఆందోళనకు నాయకత్వం వహించి అరెస్టయ్యారు. వారి కుమారుడు వి.వి. గిరి 1894లో బరంపురంలో పుట్టి, అక్కడి ఖల్లికోట కళాశాలలో చదివి, డబ్లిన్ వెళ్ళి, 1916లో తిరిగి వచ్చి బరంపురంలోనే వకీలుగా స్థిరపడ్డారు. 1922లో మద్యం దుకాణాల పికెటింగులో జైలుకు వెళ్ళారు. దుకాణం ముందు నిలబడటానికి ఓటు అక్కరలేదు, ఆస్తి అక్కరలేదు. త్రాగుడు వల్ల ఇల్లు గుల్లయిన స్త్రీకి ఆ ఉద్యమం ఏ భాషలో చెప్పినా అర్థమయ్యేది.

రైల్వే కార్మికుల ఉద్యమానిదీ అదే తీరు. వాల్తేరుకు ఉత్తరాన తీరం వెంట సాగే మార్గం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీ కార్మికులలో తెలుగువారు, ఒరియావారు, బెంగాలీలు, హిందుస్థానీ మాట్లాడేవారు కలిసి పనిచేశారు. గిరి వారి సంఘాన్ని నడిపారు. ఉద్యోగాలనుంచి తొలగించినవారి పక్షాన 1920ల చివర జరిగిన సమ్మెకు నాయకులయ్యారు. ఆయన 1969లో రాష్ట్రపతి అయిన సంగతి అందరూ చెప్పుకుంటారు. చందా కట్టి, సమ్మె రోజులలో పస్తులున్న కార్మికుల పేర్లు చెప్పుకునేవారు లేరు. సరిహద్దు వాదం ముదురుతున్న దశాబ్దంలోనే ఈ ఐక్యత సాధ్యమయిందన్నది గమనించదగిన విషయం.

మూడవ ఉదాహరణ రాజకీయమని ఎవరూ పిలవనిది. అది బరంపురం బుఢీ ఠాకురాణి యాత్ర. పట్టు నేసే దేరా కులంవారు ఈ యాత్రకు మూలస్తంభం. వారి పూర్వులు మహురీ రాజుల పిలుపు మీద గోదావరి ప్రాంతం నుంచి వచ్చారని వాడుకలో ఉన్న కథనం. సాధారణంగా రెండేళ్ళకొకసారి యాత్ర జరుగుతుంది. కులపెద్ద అయిన దేశిబెహరా తన భార్యతో సహా గుడికి వెళ్ళి అమ్మవారిని ఆహ్వానిస్తాడు. అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచు. పుట్టింటికి వచ్చినట్లుగా దేశిబెహరా వీధిలో కట్టిన తాత్కాలిక మందిరంలో ఉంటుంది. రాత్రివేళ స్త్రీలు ఘటాలు తలమీద పెట్టుకుని వీధులు తిరుగుతారు. మొక్కుకున్నవారు రకరకాల వేషాలు కడతారు. ఒరియా, తెలుగు ఇళ్ళన్నీ గుమ్మం ముందు ఎదురుచూస్తాయి.

ఎప్పుడు జరపాలి, ఏ వీధిలో ఏ రాత్రి తిరగాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నవి కులపెద్దలు కూర్చుని మాట్లాడుకోవలసిన విషయాలు. పోలీసువారూ పురపాలకులూ వారితో సంప్రదించక తప్పదు. కుల పంచాయతీలో కట్టుబాట్లు ఉంటాయి, హెచ్చుతగ్గులు ఉంటాయి. దానిని ప్రజాస్వామ్యమని మేము అనబోము. కాని ఊరంతటినీ కదిలించే ఒక వ్యవహారాన్ని నేతగాండ్రు తరతరాలుగా తమ చేతులలో ఉంచుకున్నారు. సరిహద్దు గీసినవారు దానిని తాకలేకపోయారు.

స్వాతంత్ర్యానంతరం 1951-52 ఎన్నికలతో వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1956 పునర్విభజనలో ఒరిస్సా ఎల్లలు మారలేదు. ఆ ఏడాదే ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు చేరాయి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని మొదటిది చెబుతుంది. రెండవది ఈ రక్షణల అమలును చూడటానికి ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. 1996లో పి.వి. నరసింహారావు నంద్యాల, బరంపురం రెండుచోట్లా గెలిచి బరంపురాన్నే ఉంచుకున్నారు. తెలుగువారి ఓటు బలానికి దీనిని నిదర్శనంగా చెప్పడం వాడుక. అయితే ఛత్రపురం నుంచి పర్లాకిమిడి దాకా గల ఓటర్లలో ఒరియావారి మద్దతు లేకుండా ఆ గెలుపు ఊహించలేము.

ఓటు మిగిలింది, యాత్ర మిగిలింది. చదువు మాటేమిటి? తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని తరం బరంపురంలో పెరిగింది. తాత సంతకం చేసిన మహజరును మనుమడు చదవలేడు. అధికరణం పుస్తకంలో ఉన్నంత మాత్రాన బడిలో ఉపాధ్యాయుడు ఉండడు. అతడిని అడిగి తెచ్చుకోవడం కూడా ప్రజాజీవితంలో భాగమే. దుకాణం ముందు నిలబడినవారూ, సంఘానికి చందా కట్టినవారూ ఆ పని ఎలా చేయాలో ఒకసారి చూపించారు.

ఈ చరిత్ర వ్రాయడానికి ప్రభుత్వ నివేదికలు చాలవు. కులసభల జమాఖర్చు పుస్తకాలు, సంఘాల చందా రసీదులు, సభల కరపత్రాలు, 1930ల నాటి ఉత్తరాలు బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి ఇళ్ళలోని పెట్టెలలో ఇంకా ఉండవచ్చు. వాటిని చదవగలిగినవారు ఉండగానే నకళ్ళు తీసుకోవాలి. ఆ పని తెలుగు కాగితాలకే పరిమితమైతే సగం చరిత్రే దొరుకుతుంది. అందువల్ల ఒరియా మిత్రులతో కలిసి దీనిని చేయాలని మా మనవి.