మృత్యుభయానికి ఔషధం ఉన్నదా?

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి పరిసరాల నుండి ఇచ్ఛాపురం దాకా సముద్రతీరం వెంట విస్తరించిన సీమ ఉద్దానం. ఆ పేరు ఉద్యానశబ్దం నుండి వచ్చిందని లోకప్రసిద్ధి. కొబ్బరి, జీడి, పనస తోటలతో ఆ నామం సార్థకమే. అయితే ఆ పచ్చదనం నడుమనే దశాబ్దాలుగా మూత్రపిండవ్యాధి ప్రబలి ఉన్నది. నీరు, నేల, ఎండలో శ్రమ మొదలైన హేతువులను పరిశోధకులు ఎంతగా పరీక్షించినా వ్యాధికి మూలకారణం సర్వసమ్మతంగా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ వైద్యాలయం ప్రారంభమైనది. వ్యాధి ముదిరినవారు వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు, డయాలసిస్ యంత్రానికి బద్ధులై పడుకోవలసిందే.

ఆ యంత్రం రక్తాన్ని శుద్ధి చేస్తుంది. ఆ నాలుగు గంటలూ పైకప్పును చూస్తూ పడుకున్నవాని మృత్యుభయాన్ని శుద్ధి చేసేది ఏది? పతంజలి ఆ భయాన్ని అభినివేశమని వ్యవహరించి, పంచక్లేశాలలో ఒకటిగా పరిగణించాడు. విద్వాంసులలో సైతం అది సహజంగా ప్రవహిస్తుందన్నాడు. ఆ క్లేశానికి ఔషధంతో ఉపశమనం సాధ్యమా అనే ప్రశ్న ఆధునిక వైద్యంలో కర్కటరోగుల, అంటే క్యాన్సర్ పీడితుల, శయ్యల చెంత ఉదయించినది.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని సంశ్లేషించాడు. దాని మనఃప్రభావం 1943లో ఆయనకు స్వానుభవంతో తెలిసినది. 1960ల ఆరంభంలో చికాగో వైద్యుడు ఎరిక్ కాస్ట్ దానిని మరణాసన్న రోగులకు వేదనానివారిణిగా ఇచ్చి పరీక్షించాడు. నొప్పి తగ్గడం కంటే ఆశ్చర్యకరమైన విషయం మరొకటి కనిపించినది. కొందరు రోగులు తమ మరణాన్ని గురించి మునుపటి భీతి లేకుండా మాట్లాడసాగారు. అటుపిమ్మట మేరీలాండ్‌లోని స్ప్రింగ్ గ్రోవ్ వైద్యాలయంలో, ఆ పరిశోధనావిభాగంలోనే పనిచేసే ఒక ఉద్యోగిని క్యాన్సర్‌కు గురై ఈ చికిత్సను పొందినది. వాల్టర్ పాంకే, స్టానిస్లావ్ గ్రోఫ్ ప్రభృతులు ఆ మార్గాన్ని కొనసాగించారు.

ఈ చరిత్రలో ఒక సంస్కృతపదం కూడా ప్రవేశించినది. వేదాంతాభిమాని అయిన ఆల్డస్ హక్స్‌లీ 1962 నాటి తన నవలలో ఇటువంటి ద్రవ్యానికి మోక్షశబ్దంతో నామకరణం చేశాడు. మరుసటి సంవత్సరం నవంబరు 22న, క్యాన్సర్‌తో అవసానదశలో ఉండి, తానే కోరి ఎల్.ఎస్.డి. స్వీకరించి కన్నుమూశాడు. ఆయనకు పరిచితుడైన రామకృష్ణ సంప్రదాయ సన్న్యాసి స్వామి ప్రభవానంద మాత్రం ఔషధజన్యమైన అనుభవాన్ని అధ్యాత్మసాధనగా అంగీకరించలేదు.

అనంతరం నిషేధాల కాలం వచ్చినది. అమెరికాలో 1970లో, అంతర్జాతీయ ఒడంబడిక ద్వారా 1971లో, భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్య చట్టంతో ఈ ద్రవ్యాలు నిషిద్ధశ్రేణిలో చేరాయి. సుదీర్ఘ విరామం తరువాత, 2011లో కాలిఫోర్నియాలో చార్లెస్ గ్రోబ్ 12 మంది క్యాన్సర్ రోగులతో చేసిన అధ్యయనం వెలువడినది. అందులో వాడినది కొన్ని శిలీంధ్రాలలో లభించే సైలోసైబిన్. 2016లో జాన్స్ హాప్కిన్స్‌లో 51 మందితో, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 29 మందితో జరిగిన పరిశోధనలు ప్రకటితమయ్యాయి. హాప్కిన్స్‌లో ఆరు మాసాల తరువాత కూడా సుమారు 80 శాతం మందిలో విషాదం, ఆందోళన గణనీయంగా తగ్గి ఉన్నాయి. అద్వయానుభూతి వంటి గాఢానుభవం కలిగినవారికే ఫలం అధికమని తేలినది. అయితే రోగుల సంఖ్య స్వల్పం. తనకు ఇచ్చినది అసలు ఔషధమా కాదా అనేది రోగి ఊహించగలడు. కనుక ఫలితాన్ని జాగ్రత్తగా గ్రహించాలి.

ఇక్కడ ఒక తొందరపాటును పరిహరించాలి. ఇదే మన సోమమనీ, ఋషులకు సర్వం విదితమనీ చెప్పడం సులభం. గోర్డన్ వాసన్ 1968లో సోమం ఒక శిలీంధ్రమని ప్రతిపాదించాడు. ఇతరులు వేరు ఓషధులను సూచించారు. ఋగ్వేద నవమమండలమంతా సోమపరమే అయినా ఆ ఓషధి ఏదో నేటికీ నిర్ణయం కాలేదు. పతంజలి కైవల్యపాదారంభంలో ఓషధులను సిద్ధులకు కారణాలలో ఒకటిగా చెప్పాడు. కైవల్యానికి మాత్రం వివేకఖ్యాతినే ఉపాయంగా నిరూపించాడు. పుట్టిన అనుభవం నశిస్తుంది, జ్ఞానం అటువంటిది కాదు అనేది వేదాంతుల పక్షం. అది యుక్తమే. కానీ రోగి మోక్షాన్ని అడగలేదు. ఈ రాత్రి నిద్రపడితే చాలునన్నాడు. అతని ఉపశమనాన్ని సిద్ధాంతవాదంతో తోసిపుచ్చడం కారుణ్యం కాదు.

హాప్కిన్స్ పరిశోధనకు నాయకుడైన రోలండ్ గ్రిఫిత్స్‌ను ఈ విషయం వైపు మళ్లించినది ఆయన ధ్యానాభ్యాసమే. ఆయన కూడా క్యాన్సర్‌కు గురై, తన మరణాన్ని గురించి బాహాటంగా, కృతజ్ఞతతో మాట్లాడుతూ 2023 అక్టోబరులో దివంగతుడయ్యాడు. అది పలాస వైద్యాలయం తెరుచుకోవడానికి రెండు నెలల ముందు.

ఆ పరిశోధనలలో ఔషధం ఇచ్చినది ఒకటి రెండు దినాలు మాత్రమే. అంతకు ముందు రోగితో పలుమార్లు సంభాషణ జరిగేది. ఔషధదినాన శిక్షితులైన ఇద్దరు సహచరులు ఆద్యంతం పక్కనే కూర్చునేవారు. ఆ తరువాత కూడా అనుభవాన్ని విచారించే సంభాషణలు కొనసాగేవి. ఆ ద్రవ్యం మన దేశంలో నిషిద్ధం. వైద్యపర్యవేక్షణ లేని స్వయంప్రయోగం మతిభ్రంశానికి దారితీయవచ్చు. పైగా ఈ అధ్యయనాలు డయాలసిస్ రోగులను ఉద్దేశించినవి కావు. అయినా పక్కన కూర్చోవడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. యముని ద్వారం వద్ద నచికేతుడు మూడు రాత్రులు నిరాహారుడై వేచి ఉన్నాడు. తరువాత యముడు అతనితో కూర్చుని మాట్లాడాడు. మరణాన్ని గురించిన ప్రశ్నను దాటవేయజూసినా చివరకు సమాధానమిచ్చాడు. ఉద్దానంలో డయాలసిస్ మంచం పక్కన ఆ ప్రశ్నను వినగలిగినవారికి ఒక కుర్చీ వేయడం ఔషధానికి ముందే చేయదగిన చికిత్స.